టిప్పు కత్తి పట్టిన చేతులు

దూరదర్శన్‌లో 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' వచ్చే రోజుల్లో మా గల్లీకంతా ఒకటే టీవీ. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన ఇంట్లో ఉండేది. 1990 అది. పిల్లలం చాపల మీద, మగవాళ్లు వాకిట్లో, ఆడవాళ్లు వంటింటి తలుపుకున్న పరదా పక్కకి జరుపుకుని. కథ మొదలయ్యే ముందు తెర మీద ఇంగ్లిషు అక్షరాలు వచ్చేవి. మాలో కాలేజీ మెట్లెక్కినవాడు ఒకడు వాటిని కూడబలుక్కుని చదివి చెప్పేవాడు. ఇందులో చూపించే సంగతులు నిజమని మేం అనడం లేదు, ఇది కల్పన, టిప్పు సుల్తాన్ జీవితానికి గానీ పాలనకి గానీ దీనితో సంబంధం లేదు, భగవాన్ గిద్వానీ నవలకి ఇది నాటక రూపం. దాదాపు ఇదీ ఆ అక్షరాల సారాంశం.

"పేరేమో టిప్పుది, టిప్పుకి సంబంధం లేదంటారేందిరా?" అని ఒక పెద్దాయన అడిగాడు. మాకు జవాబు తెలియలేదు. అందరం నవ్వేసి ఊరుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత ఆ నవ్వు గురించీ, ఆ అక్షరాల వెంట వచ్చే పేర్ల గురించీ రాయాలనిపించి ఇది మొదలుపెట్టాం.

నిజం చెప్పాలంటే కథ కంటే మాకు పేర్లే ముఖ్యం. క్రికెట్ టీమ్‌లో అజహరుద్దీన్ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా అని చూసినట్టు, సీరియల్ పేర్ల పట్టీలో ఖాన్‌లెందరు, అలీలెందరు అని లెక్కపెట్టేవాళ్లం. మెజారిటీ ఇంట్లో పుట్టినవాడికి ఈ లెక్కతో పని పడదు. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ముందు పేరు అడిగి, తర్వాత 'ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం' అనిపించుకున్నవాడికి పేరంటే ఏమిటో తెలుస్తుంది. మా పేరే మా మీద సాక్ష్యం. అందుకే తెర మీద ఆ పేర్లు పెద్ద అక్షరాల్లో కనిపిస్తే మా ఛాతీ ఒక అంగుళం పెరిగేది.

లెక్కకి తక్కువేం లేదు. నిర్మాతా, టిప్పు వేషధారీ సంజయ్ ఖాన్. సొంత పేరు షా అబ్బాస్ ఖాన్. టిప్పు పుట్టిన దేవనహళ్లికి దగ్గర్లోనే ఉన్న బెంగుళూరులో 1941లో పుట్టినవాడు. మొదట్లో దర్శకత్వం ఆయన తమ్ముడు అక్బర్ ఖాన్‌ది, తర్వాత ఆయనదే. సంగీతం నౌషాద్. కెమెరా బషీర్ అలీ. హైదరలీగా షాబాజ్ ఖాన్, ఇందోర్ ఘరానాకి పేరు తెచ్చిన ఉస్తాద్ అమీర్ ఖాన్ కొడుకు. నౌషాద్ పేరు రాగానే మా ఇళ్లలో పెద్దవాళ్లు అదేదో తమ చుట్టం పేరు వచ్చినట్టు తలలూపేవాళ్లు.

మా లెక్కలోకి రాని పేర్లూ అందులోనే ఉన్నాయి. వాటిని మేం అప్పుడు చదవలేదు. అసలు ఈ కథకి మూలమైన నవల 1976లో వచ్చింది. రాసిన గిద్వానీ సింధీ హిందువు. ఆయనా ఒక నవల రాసి ఉండకపోతే ఈ సీరియల్ లేదు. టిప్పు దివాను పూర్ణయ్యగా వేసింది అనంత్ మహదేవన్. రామాయణంలో సీతగా ఇంటింటా హారతులందుకున్న దీపికా చిఖలియా ఇందులోనూ నటించింది. ఆమె 1991లో బరోడా నుంచి బీజేపీ ఎంపీ అయింది. టిప్పుకి ద్రోహం చేసిన మీర్ సాదిక్‌గా వేసినవాడు ముకేశ్ రుషి.

ముకేశ్ రుషి గురించి ఒక మాట. తెలుగువాళ్లకి ఈయన 'ఇంద్ర' (2002) లాంటి సినిమాల్లో సీమ ఫ్యాక్షన్ విలన్‌గా బాగా తెలుసు. కానీ మాకు ఈయన రెండు వేషాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలనిపిస్తుంది. ఒకటి మీర్ సాదిక్, ముస్లిం ద్రోహి. రెండోది 'సర్ఫరోష్' (1999)లో ఇన్‌స్పెక్టర్ సలీం. ముస్లిం అయినందుకే అనుమానించి పక్కన పెడితే, నేనీ దేశం వాణ్ణే అని ప్రాణాలకి తెగించి రుజువు చేసుకోవాల్సి వచ్చిన పోలీసు. తెర మీద మాకు సాధారణంగా దొరికే రెండు పాత్రలూ ఇవే. ద్రోహి, లేకపోతే ద్రోహిని కానని రుజువు చేసుకునేవాడు. రెండూ ఒకే మనిషి వేశాడు, ఆయన ముస్లిం కాదు. అందులో ఆయన తప్పేం లేదు, సలీం పాత్రలో ఆయన మా కళ్లలో నీళ్లు తెప్పించాడు కూడా. పొద్దున్నే టీ కొట్టు దగ్గర క్రికెట్ మాట వస్తే ఎవరి వైపు చూస్తారో తెలిసినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

ఇక చరిత్ర. టిప్పు అంటే మైసూరు అనుకుంటాం గానీ, మా రాయలసీమకి ఆయన పొరుగు రాజు కాదు, రాజే. ఆయన తల్లి ఫాతిమా ఫక్రున్నీసా కడప కోటకి అధిపతిగా ఉన్న మీర్ మొయినుద్దీన్ కూతురు. గుత్తి కోటని మురారి రావు దగ్గర్నుంచి హైదరలీ 1776లో తీసుకున్నాడు. గుర్రంకొండ వాళ్ల కిందే ఉండేది. హైదరలీ ప్రాణం పోయింది కూడా 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గర విడిదిలో. టిప్పు ఓడాక ఈ జిల్లాలు నిజాం వాటాకి వచ్చాయి. నిజాం వాటిని 1800లో కుంపిణీకి రాసిచ్చాడు. దత్త మండలాలనే పేరు అలా పుట్టింది.

ఈ మాటలు చెప్పుకుంటున్నప్పుడు మా గొంతులో ఎక్కడో గర్వం దొర్లుతుంది. దాన్ని కూడా కాస్త తరచి చూడాలి. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ని సిద్ధవటంలో లొంగదీసి శ్రీరంగపట్నానికి బందీగా తీసుకుపోయింది ఎవరు? టిప్పు తండ్రి హైదరలీ. 1792లోనూ 1799లోనూ తెల్లవాళ్లతో కలిసి టిప్పు మీదకి సైన్యం పంపింది ఎవరు? హైదరాబాదు నిజాం. రాజులు రాజ్యం కోసం కొట్టుకున్నారు. నమాజు చదివేవాడూ, పూజ చేసేవాడూ ఇద్దరూ ఇరు పక్కలా చచ్చారు. ఆ కొట్లాటని హిందూ ముస్లిం కొట్లాటగా తర్వాతి వాళ్లు చదివారు. అలా చదవడం తప్పని చెప్పే మేమే టీవీ ముందు కూచున్నప్పుడు అలాగే చదివాం. మాకు 'మన రాజు' దొరికాడని సంబరపడ్డాం.

మా తాతలెవరూ నవాబులు కారు. దూది ఏకినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, జట్కా తోలినవాళ్లు, కోటల కింద రాళ్లు మోసినవాళ్లు. హైదరలీ, టిప్పు ఏలిన రోజుల్లోనూ వాళ్లు చేసింది ఆ పనులే. అయినా 'మీరు ఎనిమిది వందల ఏళ్లు మమ్మల్ని ఏలారు' అని ఎవరైనా అంటే, ఏలినట్టే ముఖం పెట్టడం మాకు అలవాటైంది. తిట్టేవాడు ఇచ్చిన కిరీటం అది. తలమీద పెట్టుకుంటే బరువే గానీ అన్నం పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం.

1989 ఫిబ్రవరి 8. మైసూరు ప్రీమియర్ స్టూడియోలో ఈ సీరియల్ షూటింగు జరుగుతుండగా సెట్టుకి నిప్పంటుకుంది. 62 మంది చచ్చిపోయారు. మన దేశంలో షూటింగు జరిగే చోట అంతమంది ఒక్కసారిగా పోయిన ప్రమాదం ఇంకోటి మాకు గుర్తు రాదు. వదులుగా ఉన్న కరెంటు తీగలు, గాలి ఆడని ఫ్లోరు, గోడలకి కట్టిన గోనెపట్టాలు, పెద్ద దీపాల వేడి, ఇవన్నీ కారణాలుగా పత్రికల్లో వచ్చాయి. సినిమా ఫ్లోరు చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. అట్టలతో, ప్లైవుడ్డుతో, రంగులతో, గుడ్డలతో కట్టిన రాజమహల్ అది. బయటికి రాయిలా కనిపిస్తుంది, నిప్పు తగిలితే ఎండుగడ్డి. లోపల ధ్వని పాడవకూడదని తలుపులు మూస్తారు.

సంజయ్ ఖాన్ ఒళ్లు అరవై అయిదు శాతం కాలింది. ఏడాదికి పైగా ఆస్పత్రిలో ఉన్నాడు. డెబ్బైకి పైగా ఆపరేషన్లు జరిగాయి. ఆ మనిషి మళ్లీ లేచి, మిగిలిన కథ తీసి, టిప్పు వేషంలో గుర్రమెక్కాడు. ఇది చిన్న విషయం కాదు. మా గల్లీలో దీన్ని కరామత్ లాగా చెప్పుకునేవాళ్లు. 'అల్లా బతికించాడు, టిప్పు కోసం' అని. తెర మీద ఆయన చేతులు కనిపించినప్పుడల్లా కాలిన మచ్చలు ఉన్నాయేమోనని వెతికేవాళ్లం.

మరి ఆ 62 మంది?

సంజయ్ ఖాన్ ఎన్ని ఆపరేషన్లు చేయించుకున్నాడో మాలో చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు. పోయినవాళ్లలో ఒక్కరి పేరు కూడా మాలో ఎవరికీ రాదు. ఖాన్‌లనీ అలీలనీ లెక్కపెట్టిన మేం ఈ లెక్క ఎందుకు పెట్టలేదు? అక్కడ కాలిపోయింది నవాబులు కారు. యూనిట్ వాళ్లు. ఒక సెట్టు మీద ఎవరుంటారో తెలుసు కదా. దీపాలు మోసేవాడు, మేకులు కొట్టే వడ్రంగి, రంగులేసేవాడు, టీ అందించే కుర్రాడు, దుస్తులు ఇస్త్రీ చేసేవాడు, గుంపులో నిలబడడానికి రోజు కూలీకి వచ్చినవాడు. వాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లు, హిందీ మాట్లాడేవాళ్లు, దండం పెట్టేవాళ్లు, సలాం చేసేవాళ్లు అందరూ ఉంటారు. నిప్పు ఎవరి పేరూ అడగదు. మా తాతల్లాంటివాళ్లు ఎవరైనా ఈ సీరియల్లో ఉంటే గింటే వాళ్లలోనే ఉన్నారు, సింహాసనం మీద కాదు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయిన రాత్రి ఇంగ్లిషు అధికారులు దీవిటీలు పట్టుకుని కోట గుమ్మం దగ్గర శవాల గుట్టలో వెతికారు. టిప్పు ఒళ్లు అందులోనే దొరికింది. మామూలు సిపాయిల మధ్య, వాళ్ల కింద. గుర్తుపట్టి బయటికి తీసి, మర్నాడు తండ్రి పక్కన గుంబజ్‌లో గౌరవంగా ఖననం చేశారు. ఆ ముట్టడి మీద ఇంగ్లిషువాళ్లు పుస్తకాలు రాశారు, పెద్దపెద్ద బొమ్మలు వేశారు. ఆయన చుట్టూ పడివున్న సిపాయిల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు. మాలో టిప్పుని ప్రేమించేవాళ్లం కూడా ఆ గుట్టలోంచి ఒక్కణ్ణే బయటికి తీసుకున్నాం.

ఇప్పుడు మళ్లీ ఆ ఇంగ్లిషు అక్షరాల దగ్గరికి వెళ్దాం. సీరియల్ రాకముందే గొడవ మొదలైంది. టిప్పు మతాంతరీకరణలు చేయించాడు, అలాంటివాణ్ణి దూరదర్శన్ ఎలా పొగుడుతుంది అని అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం కోర్టుల దాకా పోయింది. చివరికి 'ఇది కల్పన' అన్న ఆ ప్రకటనతో ప్రసారమైంది.

మా సెక్యులర్ మిత్రులు కొందరు ఇక్కడ తొందరపడి టిప్పుకి వకాల్తా పుచ్చుకుంటారు. వద్దు. కొడగువాళ్లనీ మలబారు నాయర్లనీ టిప్పు బందీలుగా తీసుకుపోయిన మాట, బలవంతపు మతమార్పిడులు జరిగిన మాట అబద్ధం కాదు. ఆ కుటుంబాల జ్ఞాపకాన్ని అవమానించి మాకు వచ్చే గౌరవం వద్దు. అలాగే 1791లో మరాఠా గుర్రపు దండు శృంగేరి మఠాన్ని దోచుకుంటే, విగ్రహం తిరిగి ప్రతిష్ఠించడానికి డబ్బూ వస్తువులూ పంపింది టిప్పునే. ఆ ఉత్తరాలు మఠంలోనే 1916లో బయటపడ్డాయి. పూర్ణయ్య చివరిదాకా ఆయన ఖజానా చూశాడు. రెండూ నిజాలే. ఒక నిజంతో ఇంకో నిజాన్ని కొట్టేయడం కుదరదు. గిద్వానీది నవల. నవలని నవల అనమంటే మాకు కోపం లేదు.

మా బాధ వేరే. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' ఎలా మొదలయ్యేదో గుర్తు తెచ్చుకోండి. ఏయే గ్రంథాల ఆధారంగా తీశారో ఆ పేర్లన్నీ వరుసగా వేసేవాళ్లు. వాల్మీకి, తులసీదాసు, కంబ రామాయణం, మన రంగనాథ రామాయణం, చివరికి ఉర్దూలో చక్‌బస్త్ రాసిన రామాయణం కూడా. అంటే ఆ సీరియల్ తన మూలాలన్నీ చెప్పుకుని మొదలైంది. టిప్పు సీరియల్ తనకి మూలమే లేదని చెప్పుకుని మొదలైంది. పురాణానికి ఆధారాల పట్టీ, చరిత్రలో పుట్టి చచ్చిన మనిషికి 'ఇతనితో సంబంధం లేదు' అనే కాగితం. ఆ కాగితం మాకు కొత్త కాదు. ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ ఎవరు ఏం చేసినా, 'మాకు సంబంధం లేదు' అని ముందు మేమే చెప్పుకోవాలి. తర్వాతే మా కథ మొదలవుతుంది.

పేర్ల సంగతి ఇంకా ఉంది. అదే రోజుల్లో 'మహాభారత్' వచ్చింది, 1988 అక్టోబరు 2న మొదలై. మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. ఘాజీపూర్ జిల్లా గంగౌలీలో పుట్టినవాడు, 'ఆధా గావ్' నవలాకారుడు. భారతాన్ని ముస్లిం రాయడమేమిటని ఉత్తరాలు వచ్చాయి. ఆయన రాస్తూనే పోయాడు. కాలం తానే కథ చెబుతున్నట్టు ఆయన రాసిన మాటలు వినడానికి దేశమంతా ఆదివారం పొద్దున వీధులు ఖాళీ చేసింది. అర్జునుడుగా వేసిన నటుడి అసలు పేరు ఫిరోజ్ ఖాన్. ఆ పేరుతో అప్పటికే ఒక పెద్ద నటుడు ఉన్నాడని పట్టీలో అర్జున్ అని వేశారు. ఆ పెద్ద నటుడు ఎవరో కాదు, సంజయ్ ఖాన్ అన్న. కారణం సబబైందే. అయినా గాండీవం పట్టిన చేతులు ఒక ఫిరోజ్‌వని దేశంలో చాలామందికి చాలా ఏళ్లు తెలియలేదు.

శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' కూడా అప్పటిదే. బెనెగల్ మన హైదరాబాదువాడు, అల్వాల్ దగ్గర పెరిగాడు, 2024 డిసెంబరులో పోయాడు. రచనలో షమా జైదీ చెయ్యి ఉంది. అందులో శివాజీగా వేసింది నసీరుద్దీన్ షా. ఔరంగజేబుగా వేసింది ఓంపురి. ఆ ఓంపురే అందులో శ్రీకృష్ణదేవరాయలు కూడా. ఇప్పుడు ఎవరైనా ఇలా వేషాలు పంచగలరా? పంచితే మొదటి ఎపిసోడ్ అయ్యేలోగా ఎన్ని ఊళ్లలో టైర్లు తగలబడతాయో! అప్పుడు మా గల్లీలో కూడా నసీరుద్దీన్ షాని శివాజీగా చూసి ఎవరూ వింత పడలేదు. బాగా చేశాడన్నారు అంతే.

సంజయ్ ఖాన్ అక్కడితో ఆగలేదు. మహాద్జీ సింధియా మీద 'ది గ్రేట్ మరాఠా' తీశాడు, 1994లో. హైదరలీ అయిన షాబాజ్ ఖానే అందులో మహాద్జీ. తర్వాత 1997లో 'జై హనుమాన్' తీశాడు. ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు జైపూర్‌లో తన కోసం హనుమంతుడి గుడిలో పూజలు చేశారని, ఆ రుణం తీర్చుకోవడానికి తీశానని ఆయన చాలాసార్లు చెప్పాడు. అందులో వాల్మీకి వేషం ఇర్ఫాన్ ఖాన్‌ది. మాలో కొందరికి ఇది మింగుడుపడలేదు. టిప్పు తీసిన చేతులతో హనుమంతుడి కథ తీస్తాడా అన్నారు. రజాకి ఉత్తరాలు రాసినవాళ్లూ వీళ్లూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు. నౌషాద్ బాణీ కట్టి, షకీల్ బదాయూనీ రాసి, రఫీ పాడిన 'బైజూ బావ్‌రా' (1952) హరి భజన ఏ మతానిది అని అడిగితే వీళ్లేం చెబుతారు?

ఇవన్నీ చూసి మిత్రులు 'చూశారా, మన దేశం ఎంత కలిసిపోయి ఉందో' అంటారు. నిజమే, ఒప్పుకుంటాం. కానీ ఆ కలిసి పనిచేసిన సీరియళ్లు నడుస్తున్నప్పుడే 1990 సెప్టెంబరు 25న సోమనాథ్ నుంచి రథం బయల్దేరింది. టీవీలో రథాలు చూసి అలవాటైన కళ్లకి అది కొత్తగా కనిపించలేదు. ఆ డిసెంబరులోనే హైదరాబాదు పాతబస్తీ తగలబడింది. 1992 డిసెంబరు 6న మసీదు కూలింది. సెట్టు మీద అందరూ కలిసి మేకులు కొట్టారు, సెట్టు బయట ఆ కలయిక ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు. తర్వాత కర్ణాటకలో 2015లో ప్రభుత్వమే టిప్పు జయంతి జరపడం మొదలుపెట్టింది. ఆ ఏడాది కొడగులో గొడవలై ప్రాణాలు పోయాయి. 2019లో ఇంకో ప్రభుత్వం దాన్ని తీసేసింది. పెట్టినప్పుడూ తీసినప్పుడూ మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ఏటా నవంబరులో మా పిల్లలు మాత్రం స్కూల్లో 'మీ టిప్పు' అనిపించుకున్నారు.

ఈ మధ్య మాలో కొందరం కలిసి ఆ సీరియల్ మళ్లీ చూశాం. అప్పుడు అంత గొప్పగా కనిపించిన యుద్ధాలు ఇప్పుడు కాస్త బొమ్మలాటలా ఉన్నాయి. గడ్డాలు అతికించినట్టు తెలుస్తున్నాయి. దర్బారు గోడ మీద పూలు ప్లైవుడ్డు మీద వేసిన రంగు. ఆ పూలు ఎవరో ఒకడు నిచ్చెన మీద నిలబడి, నోట్లో బీడీ పెట్టుకుని, రోజు కూలీకి వేసుంటాడు. మాలో ఒకాయన సగంలోనే కథ వదిలేశాడు. మాటలు వినడం మానేసి, కిటికీల చెక్కుడు, తెరల కుట్టు, దీపాల నీడ చూస్తూ కూచున్నాడు. ఎపిసోడ్ అయిపోయాక పేర్లు మొదలయ్యాయి. ఎవరో రిమోట్ తీసుకోబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టి, "ఉండండి, పూర్తిగా పోనివ్వండి" అన్నాడు.